ఏనుగైపోయిన కోటు చెయ్యి

కోటు మాస్టారి చేత కోటు కుట్టించుకున్నవాళ్ళు ఆ వీధిలో చాలామందే ఉన్నారు. ఆయన గొంతు విన్నవాళ్ళు మాత్రం బహు తక్కువ. మనిషి లోపలికి అడుగుపెట్టగానే మెడలోంచి టేపు తీసి భుజం, ఛాతీ, నడుం, చెయ్యి పొడుగు వరసగా కొలిచేవారు. ప్రతి కొలతా రెండోసారి చూసి చీటీ మీద రాసుకునేవారు. "పదిహేను రోజులు" అనేవారు. అంతే. ఎండ గురించో వాన గురించో కబుర్లు మొదలుపెట్టినవాళ్ళు తమ మాటలు తామే విని, తామే తల ఊపి, మెట్లు దిగి వెళ్ళిపోవాల్సిందే.

ఆయన మాట్లాడని లోటు కాజాల పిన్ని తీర్చేది. కోట్లకి కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, అంచులు చేతికుట్టుతో మడవడం ఆవిడ పని. ఇరవయ్యేళ్ళుగా కిటికీ పక్క స్టూలే ఆవిడ సింహాసనం. దుకాణమంతా కలిపి ఒకటే పొడుగాటి గది. ముందు నిలువుటద్దం, మధ్యలో తలుపంత కత్తిరింపు బల్ల, దాని వెనక రెండు మిషన్లు, చివర ఇస్త్రీ బల్ల. గోడ పొడుగునా సగం కుట్టిన కోట్లు చేతుల్లేకుండా వేలాడుతుంటాయి. ముప్పై ఎనిమిదేళ్ళలో మాస్టారు ఒక్క గుడ్డ కూడా తప్పు కత్తిరించలేదని పిన్ని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. మాస్టారు అవునని కూడా అనేవారు కాదు.

అలాంటి గదిలోకి ఒక సోమవారం పొద్దున ఆయన కూతురు తన రెండున్నరేళ్ళ పిల్లని చంకనేసుకుని వచ్చింది. కూతురు ఆసుపత్రిలో నర్సు. అల్లుడిది ఓడల్లో ఉద్యోగం, ఇంట్లో ఉండేకంటే నీళ్ళ మీద ఉండేదే ఎక్కువ. పిల్లని చూసుకునే పక్కింటావిడ ఉన్నపళంగా ఊరు మారిపోయింది. మాస్టారి భార్య పోయి ఆరేళ్ళు. ఇక మిగిలింది ఈ దుకాణమే.

"ఒక్క నెల నాన్నా. పదింటి నుంచి నాలుగింటి దాకా. నీ బల్ల కింద కూర్చుని ఆడుకుంటుంది."

"కత్తెరలుంటాయి."

"పైన పెట్టు."

"సూదులుంటాయి."

"పిన్ని ఉంటుందిగా!"

"అదేంటమ్మా, నన్నూ సూదుల్నీ ఒకే గాటన కట్టేశావు" అంటూనే పిన్ని చేతులు చాచింది. పిల్ల ఆ చేతుల్లోకి దూకేసింది. మాస్టారు కత్తెరలు తీసి పై అరలో పెట్టారు.

పిల్ల నిజానికి పేచీకోరు కాదు. మిషను చప్పుడుకి తల ఊపుతూ కూర్చునేది. దారపు ఉండలు పేర్చేది. నేల మీద ఏ గుడ్డ ముక్క పడినా ఏరుకొచ్చి, బల్ల కాలికి కట్టి ఉన్న పీలికల సంచిలో వేసేది. "చూడండి మాస్టారూ, పనిమంతురాలు" అని పిన్ని మురిసిపోయేది. పిల్లతో ఉన్న చిక్కల్లా ఒక్కటే. పుస్తకం ఇస్తే తినేసేది.

కూతురు కొనిచ్చిన బొమ్మల పుస్తకంలో ఒక కుందేలు, దాని స్నేహితులు ఉండేవారు. రెండు రోజుల్లో కుందేలు చెవులు పోయాయి. మూడో రోజుకి స్నేహితులు కూడా పోయారు. దళసరి అట్టతో చేసిన ఇంకో పుస్తకం తెచ్చారు. దాన్ని మూలల నుంచి మొదలుపెట్టి, ఓపిగ్గా, వారం రోజులు తింది. "పాప కడుపులో ఒక చిన్న గ్రంథాలయం ఉండుంటుంది" అంది పిన్ని. కూతురు మాత్రం నవ్వలేదు. సాయంత్రం పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చి, నమిలి ముద్దయిన అట్టని వేలితో దాని నోట్లోంచి తీస్తూ, "ఇక పుస్తకాలు కొనేది లేదు. ఎప్పుడో గొంతుకడ్డం పడుతుంది" అనేసింది.

మర్నాడు పుస్తకం లేక పిల్ల మిషను బెల్టు కొరకబోయింది. మాస్టారు దాన్ని ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టి చాలాసేపు చూశారు. తరవాత తెల్లటి కాన్వాస్ గుడ్డ తీసి, కొలిచి, ఎనిమిది చదరపు ముక్కలు కత్తిరించారు.

"ఏం కుడుతున్నారు?" అంది పిన్ని.

"పుస్తకం."

పిన్ని సూది గాల్లో ఆగిపోయింది.

పిల్ల మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా నిద్రపోయేది. ఆ రెండు గంటల్లోనే ఆయన ఆ పుస్తకం కుట్టారు, ఐదు రోజుల పాటు. బొమ్మలు గీయడం ఆయనకి రాదు. అందుకని తాబేలుని కూడా కోటులాగే ముక్కలుగా ఆలోచించారు: వీపు ఒకటి, ముందు భాగం ఒకటి, నాలుగు కాళ్ళు, మెడపట్టీ. బాతు ముక్కు పసుపు రంగు లైనింగుతో. ఉడుత తోక బ్రష్షులాంటి ఉన్ని అంచుతో. ఏనుగుకి ఏ గుడ్డ బావుంటుందా అని పీలికల సంచిలో చెయ్యి పెడితే బూడిద రంగు ఉన్ని గుడ్డ చేతికి తగిలింది. కాస్త పెద్ద ముక్కే. వెలుతురులో పెడితే సన్నగా నీలం మెరిసింది. ఏనుగు కోసమే పుట్టిన గుడ్డ అనుకున్నారు. సుద్దతో గీసి, కత్తెర ఆడించారు.

పుస్తకం తయారయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. అందులో అక్షరాలు లేవు. పిల్ల దాన్ని తాతగారి ఒళ్ళో పడేసి, "చెప్పు" అంది.

మాస్టారు పుస్తకం తిరగేశారు. పిన్ని వైపు చూశారు. పిన్ని కావాలనే తల వంచుకుని కాజా తీస్తూ కూర్చుంది.

"ఏనుగుకి... చలేసింది" అన్నారు చివరికి.

"ఊఁ."

"తాబేలు కొలతలు తీసుకుంది. పొద్దున తోక దగ్గర మొదలుపెడితే, సాయంత్రానికి పొట్ట దాకా వచ్చింది. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టింది."

"ఎందుకు?"

"కొలత రెండుసార్లు చూడాలి కాబట్టి."

పిల్లకి ఆ జవాబు బాగా నచ్చింది. కథలో ఆ తరవాత బాతు వెళ్ళి గుడ్డ తెచ్చింది. అది ఏనుగు చెవికే సరిపోయింది. మళ్ళీ తెచ్చింది. మళ్ళీ మళ్ళీ తెచ్చింది. ఉడుత చెట్టు కొమ్మ మీద కూర్చుని కాజాలు తీస్తూ, గుండీలు కుడుతూ, ఆపకుండా మాట్లాడింది.

"ఆ ఉడుతని నేనే కదూ?" అంది పిన్ని తలెత్తి.

"ఉడుత ఉడుతే" అన్నారు మాస్టారు.

చివరి పేజీలో ఏనుగు గళ్ళ కోటు తొడుక్కుని నిలబడి ఉంటుంది. దానికి నిజం గుండీలు, నిజం కాజాలు. గుండీలు విప్పితే లోపల ఎర్రటి లైనింగు, ఆ లైనింగు జేబులో ముగ్గురు స్నేహితులూ వెచ్చగా. పిల్ల ఆ గుండీలు విప్పింది, పెట్టింది, మళ్ళీ విప్పింది. పుస్తకాన్ని నమిలింది కూడా. నమిలితే ఏమవుతుంది? సబ్బు నీళ్ళలో పిండి ఇస్త్రీ చేస్తే మర్నాటికి కొత్తదే. రోజుకి నాలుగుసార్లు కథ చెప్పాల్సి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళలో దుకాణంలో మాట్లాడినన్ని మాటలు మాస్టారు ఆ వారంలో మాట్లాడేశారు.

గురువారం నాడు పళ్ళ డాక్టరు గారి సూటు బల్ల మీదకి వచ్చింది. నెల క్రితమే ఆయన కొలతలిచ్చి, గుడ్డ తనే తెచ్చి ఇచ్చారు. ఎప్పుడో మూతపడిన మిల్లుది. వాళ్ళన్నయ్య దాచి దాచి ఇచ్చాడట. ఇప్పుడు కావాలన్నా ఎక్కడా దొరకదు. ఆదివారం డాక్టర్ల సభలో ఆయన ప్రసంగం. ఆ సూటుతోనే వేదిక ఎక్కాలి. మాస్టారు ఎప్పుడో కత్తిరించి కట్ట కట్టి పెట్టుకున్న ముక్కలు విప్పి, ఒక్కొక్కటే పరిచారు. వీపు, ముందు భాగాలు, కాలరు, జేబు మూతలు. కోటు చెయ్యి అంటే రెండు ముక్కలు, పైది ఒకటి, కిందది ఒకటి. రెండు చేతులకి నాలుగు ఉండాలి. మూడే ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టారు. మూడే. బల్ల కింద చూశారు, మిషను వెనక చూశారు, ఇస్త్రీ బల్ల గుడ్డ ఎత్తి చూశారు. పీలికల సంచి నేల మీద బోర్లించారు.

పిన్ని కూడా వంగి వెతుకుతూ ఉండగా పిల్ల పుస్తకం తెరుచుకుని కూర్చుని ఉంది. పిన్ని ఒక్క క్షణం ఆ పుస్తకం వైపు చూసింది, బల్ల మీది గుడ్డ వైపు చూసింది, మెల్లిగా నడుం మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడింది.

"మాస్టారూ, చెయ్యి ఎక్కడికీ పోలేదు. ఇదిగో, ఏనుగై కూర్చుంది."

ఎలా జరిగిందో చెప్పక్కర్లేదు. కట్ట కట్టేటప్పుడు ముక్క జారి కింద పడింది. పనిమంతురాలు దాన్ని సంచిలో వేసింది. తాతగారు చూసుకోకుండా కత్తిరించారు. మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు.

"పాపా, ఆ ఏనుగు ఒకసారి ఇస్తావా? ఇంకో ఏనుగు చేసిస్తాను. నీలం రంగుది."

పిల్ల పుస్తకాన్ని పొట్టకి హత్తుకుంది. "నీలం ఏనుగు కాదు."

"గోధుమ రంగుది?"

"ఉహూఁ. ఇదే ఏనుగు."

ఇచ్చినా లాభం లేదని ఆయనకీ తెలుసు. తొండం మలుపుకోసం ఒకచోట, కాళ్ళ మధ్య ఒకచోట కత్తెర పడిపోయింది. ఇక దాన్నుంచి చెయ్యి రాదు. పిన్ని దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"కింది ముక్కే కదండీ. దగ్గరి రంగు గుడ్డ వేసేద్దాం. చేతులు దించుకుని నిలబడితే ఎవరికి కనబడుతుంది?"

"ప్రసంగం చేసేవాడు చేతులు దించుకుని నిలబడతాడా?"

"నెమ్మదస్తుడేమో!"

మాస్టారు బల్ల మీద పరిచిన ముక్కల వైపు చూస్తూ ఉండిపోయారు. కోటు ముక్కల పక్కనే డాక్టరు గారు అడిగిన చేతుల్లేని లోపలి కోటు ముక్కలు ఉన్నాయి. ఇంకా కుట్టలేదు. టేపు తీసి వాటిని కొలిచారు. రెండోసారి కొలిచారు. లోపలి కోటు వదులుకుంటే అందులోంచి ఒక కింది చెయ్యి సరిగ్గా వస్తుంది, గుడ్డ దారపు వాలు కూడా కుదురుతుంది. కానీ వదులుకోవాల్సింది ఆయన కాదు, గుడ్డ తెచ్చుకున్న మనిషి. ఆ మనిషిని అడగాలి. అడగాలంటే తప్పు చేశానని చెప్పాలి.

ఫోను తీశారు. అవతల పళ్ళ ఆసుపత్రి గుమస్తా ఎత్తింది.

"చెప్పండి, పన్ను నొప్పా?"

"కాదు. చెయ్యి."

"చేతులకి మేం చూడమండీ" అని పెట్టేసింది.

మాస్టారు రిసీవరు వైపు అయోమయంగా చూశారు. పిన్ని నోటికి పైట అడ్డం పెట్టుకుని అవతలికి తిరిగింది. రెండోసారి చేసి, "కోటు చెయ్యమ్మా, డాక్టరు గారి కోటు చెయ్యి. ఒకసారి ఆయన్ని రమ్మని చెప్పు" అనేసరికి ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

డాక్టరు గారు మూడున్నరకి వచ్చారు. పొడుగాటి మనిషి, తెల్ల కోటు విప్పకుండానే వచ్చేశారు. మాస్టారు దాచకుండా మొత్తం చెప్పారు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. "మీ గుడ్డ నేను చూసుకోకుండా కత్తిరించాను. నాదే తప్పు" అని, ముక్కలు చూపించారు.

డాక్టరు గారి మొహం బిగుసుకుంది. "నెల రోజుల నుంచి చెప్తున్నాను మాస్టారూ, ఆదివారం అని. మా అన్నయ్య ముందు వరసలో కూర్చుంటాడు. ఆయనిచ్చిన గుడ్డ. ఏం చెప్పమంటారు?"

మాస్టారు తల దించుకున్నారు. అప్పుడే పిల్ల బల్ల కిందనుంచి పాక్కుంటూ వచ్చి డాక్టరు గారి ప్యాంటు పట్టుకుని లాగింది.

"గుండీ పెట్టు" అంది, పుస్తకం చివరి పేజీ తెరిచి.

కోపంగా ఉన్న మనిషికి ఎవరైనా చిన్న పని చెప్తే కాదనడం కష్టం. ఆయన ఆ పొడుగు కాళ్ళు మడిచి స్టూలు మీద కూర్చుని, ఏనుగు కోటు గుండీ పెట్టబోయారు. అప్పుడు చూశారు, ఆ కోటు లోపల ఉన్నది తన కోటని. ఏనుగు చెవిని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురులోకి తిప్పారు. సన్నగా నీలం.

"ఇదేనా?"

"అదేనండి" అన్నారు మాస్టారు.

"చలేసింది దానికి" అని పిల్ల వివరించింది. తరవాత తాబేలు, బాతు, ఉడుత, అంతా తనే చెప్పింది, తాతగారి గొంతుతో, తాతగారిలాగే మధ్య మధ్య ఆగుతూ. "కొలత రెండుసార్లు చూడాలి" దగ్గర డాక్టరు గారికి నవ్వు ఆగలేదు. కథ అయ్యాక పిల్ల పుస్తకం మూల నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది.

"ఎప్పుడూ ఇంతేనా?" అన్నారాయన.

"పుస్తకాలన్నీ తినేస్తుందండి. ఎందుకో అర్థం కావడం లేదు" అంది పిన్ని.

"ఏదీ, బాతు నోరు ఎలా తెరుస్తుంది?" అని డాక్టరు గారు పిల్లని అడిగారు. పిల్ల బ్రహ్మాండంగా తెరిచింది. ఆయన వంగి లోపలికి చూసి, మాస్టారి వైపు తిరిగారు.

"పాలపళ్ళలో చిట్టచివరి దవడ పళ్ళు నాలుగూ ఒకేసారి వస్తున్నాయండీ. చిగుళ్ళు ఉబ్బి ఉన్నాయి. పాపం, పుస్తకాల మీద దీనికేం కోపం లేదు. నాలుగు వారాల్లో మానేస్తుంది చూడండి. అప్పటిదాకా తడిగుడ్డ చల్లగా చేసి ఇవ్వండి."

అని లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. "నా దగ్గరికొచ్చే పిల్లలు నన్ను చూడగానే నోరు తాళం వేసుకుంటారు. ఇది చూడండి, అడగ్గానే తెరిచేసింది."

మాస్టారు ఇదే సమయమనుకుని లోపలి కోటు సంగతి ఎత్తారు. అది వదులుకుంటే చెయ్యి వస్తుందని, అతుకు కూడా ఉండదని చెప్పారు. డాక్టరు గారు ఒక్కసారి ఊపిరి వదిలారు.

"వదిలేయండి మాస్టారూ, ఈ క్షణమే వదిలేయండి. అది మా ఆవిడ సరదా. అది తొడుక్కుంటే నాకు పొట్ట మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. ఆవిడకి మాత్రం మీరే చెప్పాలి, గుడ్డ చాల్లేదని."

"చాల్లేదని కాదండి, నేను తప్పు కత్తిరించానని చెప్తాను."

"అది ఇంకా మంచిది" అన్నారాయన. ఈసారి మాస్టారు కూడా నవ్వారు.

ఆదివారం డాక్టరు గారు ఆ సూటుతో వేదికెక్కి చేతులు రెండూ బాగా ఊపి మాట్లాడారు. పిన్ని పనిగట్టుకుని వెళ్ళి చివరి వరసలో కూర్చుని చూసొచ్చింది. "ప్రసంగం ఒక్క ముక్క అర్థం కాలేదు మాస్టారూ. చెయ్యి మాత్రం అద్భుతం" అంది. పిల్ల పళ్ళు వచ్చేశాయి, నమలడం మానేసింది. నెల అన్న కూతురు పది నెలల పాటు పిల్లని రోజూ అక్కడే వదిలి వెళ్ళింది. మాస్టారు ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు.

డాక్టరు గారు సూటు తీసుకెళ్ళిన రోజే తన ఆసుపత్రికి అలాంటి పుస్తకం ఒకటి కావాలన్నారు. "నేను కోట్లు కుడతానండి" అన్నారు మాస్టారు. "తెలుసు. దీనికీ కోటు ఉంది కదా" అన్నారాయన. రెండో పుస్తకం అలా మొదలైంది. అందులో పాత స్నేహితులతో పాటు ఒక మొసలి కూడా వచ్చింది. దాని నోరు జిప్పు. పళ్ళు తెల్లటి టిచ్ గుండీలతో అంటించినవి, పీకితే టక్కున వస్తాయి, నొక్కితే టక్కున అంటుకుంటాయి. మొసలికి పన్ను నొప్పి. ఉడుత దాని నోట్లోకి దూరి చూస్తుంది, బాతు చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్తుంది. పిల్లలు ఆ పళ్ళు పీకడానికి వరస కట్టారట. వారానికోసారి పిన్ని పోయిన పళ్ళు కొత్తగా కుట్టాల్సి వచ్చింది.

రెండు నెలలకి ఒక బుధవారం డాక్టరు గారే ఫోను చేశారు.

"మాస్టారూ, మీరు రావాలి. పుస్తకంలో మాటల్లేవు. నేనొకటి చెప్తున్నాను, మా గుమస్తా ఇంకోటి చెప్తోంది. పిల్లలు మా ఇద్దరినీ తప్పంటున్నారు."

దుకాణం తెరిచి ఉండగా బయటికి వెళ్ళడం ఆయనకి అలవాటు లేదు. పిన్ని ఆయన చేతిలోంచి కోటు లాక్కుని, "వెళ్ళండి, వెళ్ళండి. కోట్లు ఎక్కడికీ పారిపోవు" అని తోసినంత పని చేసింది. మెడలో టేపుతోనే వెళ్ళారు. ఆసుపత్రి ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, మందుల వాసన, దవడలు పట్టుకున్న నలుగురు పెద్దవాళ్ళు, ఆరుగురు పిల్లలు. మాస్టారు మధ్యలో కూర్చుని పుస్తకం తెరిచారు. మొదట్లో మాటకీ మాటకీ మధ్య ఆగారు. తాబేలు పొట్ట దాకా వచ్చేసరికి కుదురుకున్నారు.

మొసలి పేజీ దగ్గర రెండు జడల పిల్ల ఒకతి చెయ్యెత్తింది. బుగ్గ వాచి ఉంది.

"పన్ను నొప్పి తగ్గాక ఈ మొసలి వీళ్ళందర్నీ తినేస్తుందా?"

దవడలు పట్టుకున్న పెద్దవాళ్ళు కూడా మాస్టారి వైపే చూశారు. గుమస్తా రాయడం ఆపింది. మాస్టారు మొసలి వైపు చూశారు, ఉడుత వైపు చూశారు. తొందరపడలేదు.

"ఉడుత దాని నోట్లో చాలాసేపు ఉంది కదా" అన్నారు. "అప్పుడు నొప్పి కూడా ఎక్కువే. అంత నొప్పిలోనే నోరు మూయకుండా ఓర్చుకుంది. అలాంటిది, నొప్పి తగ్గాక ఎందుకు తింటుంది?"

పిల్ల ఆలోచించింది. వాచిన బుగ్గని అరచేత్తో ఒత్తుకుంటూ ఇంకా ఆలోచించింది.

"సరే అయితే" అంది. "తరవాతి పేజీ తిప్పండి."

మాస్టారు తిప్పారు.